పరదేశమున పసిబిడ్డలతో కాపురము
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట నాలుగు బీరువాలతోను, అరువు తెచ్చిన రెండు బల్లలతోను ఆరంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈ సమయమున నన్ను భారతమును గూర్చియో, భాగవతమును గూర్చియో మాటలాడుమని కోరుదురని తలచితిని. కార్యదర్శిగారు వేరొక మాట చెప్పిరి. "అయ్యా, చందాదారుల పట్టిక వ్రాసినది మీరే గదా! అందులో ఎన్ని యిండ్ల బిడ్డలు పరదేశములలో ఉన్నారో ఒక్కసారి చూడండి. ఆ ముచ్చట చెప్పండి" అనిరి. పట్టిక తెరచి చూచితిని. ఒక యింటివారు కువైటులో, ఒక యింటివారు అమెరికాలో, ఇంకొక యింటివారు సింగపూరులో. మా యింటి పేరునకెదురుగ నేనే వ్రాసికొనవలసివచ్చినది: జర్మనీ.

కావున పసిబిడ్డలను వెంటబెట్టుకొని పరదేశమునకు పోయినవారు అచట ఎట్లు కుదురుకొందురు, ఆ దేశమును ఎట్లు తెలిసికొందురు అనునది నేటి ప్రసంగ విషయము. నేను పండితుడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాసి, రాత్రులు దీపము ముందు నాకు నేనే అర్థము చెప్పుకొని భాగవతము చదివినవాడను. ఈ విషయమున నేను వేసిన తప్పులెక్క యొకటి గలదు. దానిని నలుగురి యెదుట దిద్దుకొనుటకే నిలుచున్నాను.

పెద్దలకు స్థానచలనము కలిగినప్పుడు పిల్లలను ఏమి చేయవలెనన్న ప్రశ్న క్రొత్తది కాదు. మన పూర్వగ్రంథములలో దీనికి రెండు మార్గములు కానవచ్చును. నలుడు జూదమున రాజ్యము పోగొట్టుకొనుచుండగా దమయంతి తన బిడ్డలిద్దరిని సారథి వెంట పుట్టినింటికి పంపినది. పాండవులు అడవులకు పోయినప్పుడు ద్రౌపది కుమారులు ద్వారకలో పెరిగిరి. కష్టము పెద్దలు పడుదురు, పిల్లలు చల్లగా నుందురు అనునది ఈ మార్గము. రెండవది గోపకుల మార్గము. గోకులమునకు వరుసగా ఉత్పాతములు వచ్చినప్పుడు, పిల్లల క్షేమమునకై ఆ చోటు విడిచిపోవుదమని ఉపనందుడను వృద్ధుడు చెప్పెను. వెంటనే బండ్లు కట్టిరి. ముసలివారిని, స్త్రీలను, పసివారిని ఎక్కించుకొని బృందావనము చేరిరి. బండ్లనే అర్ధచంద్రాకారముగ నిలిపి విడిది చేసికొనిరి. అటుపిమ్మట ఆ క్రొత్తనేలను చూచి మొదట సంతోషించినవారెవరు? యమున యిసుకతిన్నెలను, గోవర్ధన పర్వతమును చూచి మురిసినవారు బలరామకృష్ణులు. దూడలను తోలుకొని ఆ అడవి సందుగొందులను తెలిసికొన్నవారు పిల్లలు. నేను ఈ ఘట్టమును ఎన్నిసార్లు చదివితినో లెక్కలేదు. దాని అర్థము మాత్రము నా మనుమడు చెప్పువరకు నాకు తెలియలేదు.

పురాణము నటుంచి చరిత్రకు వత్తము. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన "ట్రూరో" అను ఓడ మద్రాసునుండి పోయి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరినది. చెరకుతోటలలో పనికి ఒప్పంద పత్రములపై పోయిన ఆ తొలి ఓడలో పురుషులేగాక స్త్రీలు, పిల్లలు కూడ నుండిరి. దాని వెనుక వచ్చిన ఓడలలో తెలుగువారు వేలకొలది పోయిరి. మారిషస్ దీవికి పోయిన మనవారికి, కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరు మీదుగా "కొరంగీలు" అను పేరే నిలిచిపోయినది. మలయాలోని రబ్బరు తోటలకు పోయినవారును గలరు. చదువు లేదు, తిరుగు ఓడకు చేతిలో డబ్బు లేదు. తోటలో పుట్టిన బిడ్డకు తెలుగు చెప్పుటకు తల్లియు, అవ్వయు తప్ప వేరు బడి లేదు. అట్టివారి బిడ్డలు, మనుమలు 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభను స్థాపించిరి. 1955లో మలయాలో ఆంధ్ర సంఘము వెలసినది. 1981లో కౌలాలంపూరులోను, 1990లో మారిషస్‌లోను ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. మారిషస్‌లో నేటికిని ఉగాది ప్రభుత్వ సెలవుదినము. సోదరులారా, ఒంటరిగా పోయినవాడు డబ్బు కూర్చుకొని తిరిగి వచ్చును. పిల్లలతో పోయినవాడు మాత్రమే అచట పండుగ చేయును. పిల్లలు లేని యింట ఉగాది పచ్చడి ఎవరికొరకు కలుపుదురు?

ఇచట ఒక మాట చెప్పవలెను. పిల్లలను వెంట తీసికొనిపోవుట అందరికి దక్కు భాగ్యము కాదు. అరబ్బు దేశములకు పోవు మన కూలివారిలో చాలమందికి, వచ్చు జీతమును బట్టి, కుటుంబమును పిలిపించుకొను వీలు చట్టమే ఈయదు. వారి బిడ్డలు ఈ సభలోనే తాతల ప్రక్కన కూర్చున్నారు. నేను చెప్పునది వారి తల్లిదండ్రులపై తీర్పు కాదు. వీలుండియు విడిచిపొమ్మని సలహా చెప్పిన నావంటి పెద్దలకు మాత్రమే ఇది హెచ్చరిక.

మా అల్లునికి జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున ఉద్యోగము దొరకినప్పుడు మనుమనికి నాలుగున్నరయేండ్లు, మనుమరాలికి ఏడాదిన్నర. నేను లెక్కవేసితిని. తెలియని భాష, తెలియని చలి, ఇద్దరు పసివారు. "పెద్దవానిని మాయొద్ద విడిచి పొండు. అక్షరాభ్యాసము నేనే చేయించెదను. మీరు కుదుటపడిన పిమ్మట, రెండేండ్లకు తీసికొనిపోవచ్చును" అని అమ్మాయికి చెప్పితిని. ఆమె ఒక్క క్షణము ఆలోచించి ఇట్లనెను: "నాయనా, రెండేండ్లకు మేము ఆ ఊరివాళ్లమైపోతాము. అప్పుడు వాడు మా యింటికే పరదేశిగా వస్తాడు. కుదురుకొనేదేదో అందరం ఒక్కసారే కుదురుకొంటాము." నాకు కోపము వచ్చినది. చదివిన బిడ్డ మాట వినదని అవ్వతో గొణిగితిని.

వారు అక్టోబరులో పోయిరి. ఆ దేశమున ఇల్లు మారినవాడు రెండు వారములలోగా నగర కార్యాలయమునకు పోయి తన పేరు, తనవారి పేర్లు, చిరునామా నమోదు చేయించుకొనవలెను. చంకబిడ్డ పేరైనను విడువరాదు. ఆ కాగితము లేనిదే పెక్కు పనులు సాగవు. ఇది విని నాకు ఆ దేశముపై కొంత గౌరవము కలిగినది. పద్దు వ్రాయించిన తరువాత మాత్రము కష్టము మొదలైనది. డిసెంబరులో అచట సూర్యుడు ఉదయము 8 గంటలు దాటినగాని కనబడడు. సాయంకాలము 4 గంటలకే అస్తమించును. ఆదివారము అంగళ్లు మూసియుండును, చట్టమే అట్లున్నది. మెట్లపై ఎదురైనవారు ఒక్క నమస్కారము చెప్పి తలుపు వేసికొందురు. మన యింటి ముంగిట వీధియరుగుపై పెరిగిన పిల్ల, అచట నాలుగు గోడల నడుమ ఇద్దరు బిడ్డలతో దినమెల్ల గడిపినది. ఉగ్గాని చేయుటకు బొరుగులు దొరకిన దినమున నాకు ఫోను చేసి, ఆ మాట చెప్పుచునే ఏడ్చినది.

అన్నిటికంటె పెద్ద భయము మనుమని గూర్చినది. వానిని అచటి పిల్లల బడికి పంపిరి. ఆ బడికి "కిండర్‌గార్టెన్" అని పేరు, అనగా పిల్లల తోట. ఆ పేరు పెట్టినవాడు ఫ్రోబెల్ అను ఉపాధ్యాయుడు; 1840లో, లైప్‌జిగ్‌కు దూరము కాని తురింజియా ప్రాంతమున. మన పట్నములలోని కాన్వెంటు బడులన్నిటికి ఆ మాట అచటినుండియే వచ్చినది. ఆ తోటలో మా వాడు నోరు తెరవలేదు. అక్టోబరు పోయినది, నవంబరు పోయినది, సంక్రాంతి పోయినది. తినును, ఆడును, చెప్పినట్లు చేయును. మాట మాత్రము లేదు. ఇంటికి వచ్చిన పిమ్మట తెలుగున సైతము తక్కువ మాటలాడుచుండెను. ఫోనులో "తాతా" అని ఊరకుండెను. నేను భయపడితిని. "వాని నోరు కట్టివేసితిరి. ఇకనైనను పంపివేయుడు. నేను వచ్చి తీసికొనిపోయెదను" అని అమ్మాయితో కఠినముగ మాటలాడితిని. తల్లి మనస్సుకు అంతకంటె పెద్ద దెబ్బ లేదని అప్పుడు తోచలేదు.

ఆమె ఈ మాటను పిల్లల బడి ఉపాధ్యాయురాలికి చెప్పుకొన్నది. ఆమె నవ్వి ఇట్లు బదులు చెప్పెనట: "వాడు మూగవాడు కాడు, వినుచున్నాడు. క్రొత్త భాషలోనికి వచ్చిన చిన్నబిడ్డలు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు మాటలాడకుండుట వింత కాదు. ఇంట మీ భాష మానకుడు. మిగిలినది మాకు విడువుడు." అయ్యలారా, రైతు గాదె నింపుకొనునప్పుడు చప్పుడుండదు; కొలిచి పోయునప్పుడే నలుగురికి వినబడును. బిడ్డ మాటలను గాదెలో పోసికొనుచున్నాడని నాకు తెలియకపోయెను.

ఆ దేశమున పసివారిని బడికి అలవాటు చేయు పద్ధతి యొకటి గలదు. మీరు వినదగినది కావున చెప్పుచున్నాను. మొదటి మూడు దినములు తల్లిగాని తండ్రిగాని బిడ్డతోపాటు ఆ గదిలోనే ఒక మూల కూర్చుండవలెను. విడిచి పోరాదు. నాల్గవ దినమున బిడ్డతో చెప్పి, కొద్ది నిమిషములు మాత్రము బయటికి పోవలెను. బిడ్డ ఓర్చుకొన్నచో మరునాడు ఇంకొంత సేపు. ఓర్చుకొనలేకున్నచో మరల మొదటినుండి. ఏడ్చు బిడ్డను గదిలోనికి త్రోసి తలుపు వేయుట లేదు. మా మనుమరాలిని రెండేండ్లకు పంపినప్పుడు మా అల్లుడు అట్లే వారములకొలది ఒక చిన్న కుర్చీపై మోకాళ్లు ముడుచుకొని కూర్చుండెను. అతడు నాతో అనిన మాట: "మామగారూ, అలవాటు చేసుకొనేది పాప అనుకొన్నాను. నాలుగు రోజులకు అక్కడి పాటలన్నీ నాకు వచ్చేశాయి." ఏడాది నిండిన ప్రతి బిడ్డకు ఇట్టి బడిలో స్థానము పొందు హక్కును 2013 ఆగస్టు 1వ తేదీనుండి అచటి చట్టమిచ్చినది. స్థలము దొరకుట అన్నియూళ్లలో సులభము కాదు, అది వేరు మాట.

ఫిబ్రవరిలో మా వాడు నోరు తెరచెను. కొయ్య రైలుబండికై ఇంకొక బిడ్డతో పెనుగులాట వచ్చినదట. జర్మను భాషలో మా వాడు పలికిన తొలిమాట "మైన్స్" అనునది. దాని అర్థము "నాది" అని! నేను విని కడుపుబ్బ నవ్వితిని. లెక్కలవాని మనుమడు గదా, మొదట అనుభవదారు స్థానమున తన పేరు వ్రాయించుకొనెను. ఆ మరుసటి వారము పూర్తి వాక్యములు వచ్చినవి. ఆపిమ్మట వానిని ఆపువారు లేరు.

మరి పెద్దలు ఎట్లు కుదిరిరి? ఆ చలికాలము మధ్యనే అమ్మాయి ఒక నియమము పెట్టుకొన్నది. ఎండయైనను మంచైనను దినమునకొక గంట పిల్లలతో బయటికి పోవుట. దూరపు వింతలు చూచుటకు కాదు, దినమునకొక వీధి. నాలుగుదారుల కూడలిలో ఎటు తిరుగవలెనో పెద్దవాడు చెప్పవలెను. వాడు రాయి యెదుట నిలిచినచో తానును నిలుచును. పిల్లి యెదుట నిలిచినచో తానును నిలుచును. పెద్దలు వీధిలో నడచినచో అంగడికి పోయి వత్తురు, వీధిని చూడరు. బిడ్డతో నడచినవారికి రొట్టెల అంగడివాడు, ట్రాము నడుపువాడు, కుక్కను త్రిప్పు ముసలాయన అందరు ఎరుకపడుదురు. పెద్దవాడు పెద్దవానిని పలుకరించని దేశమున సైతము, పసిబిడ్డను చూచి పలుకరించనివాడు అరుదు. మూడు నెలలలో అమ్మాయికి ఇరువది వీధులు, పదిమంది మనుషులు తెలిసిరి. నాతో ఒకనాడనెను: "నాయనా, వీణ్ణి మీ దగ్గర వదిలివుంటే నేనీ తలుపు తెరిచేదాన్ని కాదు."

మరుసటి యేటికి నాకును అవ్వకును రాక కుదిరినది. చుట్టపుచూపుగ పోవువారికి ఆ దేశమున ఉండుటకు 90 దినముల గడువు. జూన్ నెలలో పోతిమి. అప్పుడచట రాత్రి 9 గంటలకు సైతము వెలుతురు. మరునాడుదయమే మనుమడు నా వ్రేలు పట్టుకొని "తాతా, ఇటు రా" అని బయలుదేరెను. వాడు సెలవులకు ఇచటికి వచ్చినప్పుడెల్ల నేను వానిని డోన్ జంక్షనుకు తీసికొనిపోయి, గుత్తివైపు, నంద్యాలవైపు, కర్నూలువైపు పోవు బండ్లను చూపుచుంటిని. వాడు మొదట నన్ను తీసికొనిపోయినది లైప్‌జిగ్ రైలుస్టేషనుకే! 1915లో పూర్తియైన ఆ కట్టడము ఐరోపాలోని మిక్కిలి పెద్ద స్టేషనులలో నొకటి. ఏ బండి ఏ వైపు పోవునో వాడు నాకు చెప్పెను. చెప్పి, "తాతా, ఇది మన డోన్ మాదిరే, కొంచెం పెద్దది" అనెను. ఆ మాటకు నా కన్నులు చెమర్చినవి. బిడ్డ పాత ఊరిని మరువలేదు. దానినే కొలబద్దగ చేసికొని క్రొత్త ఊరిని కొలుచుచున్నాడు.

వారి యింటికి చేరువలో చిన్నచిన్న తోటలు వరుసగ నున్నవి. ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క మడి, అందొక చిన్న గుడిసె. వీనికి ష్రేబర్ తోటలని పేరు. ఇవి పుట్టినది ఆ లైప్‌జిగ్‌లోనే. ష్రేబర్ అను వైద్యుడు, పట్నపు పిల్లలకు ఆరుబయట ఆటలు కావలెనని చెప్పినవాడు. ఆయన మరణించిన కొన్నియేండ్లకు, 1864లో, ఆయన పేరిట ఒక సంఘము ఏర్పడి పిల్లలకొక ఆటస్థలమును సమకూర్చినది. దాని అంచున ఒక ఉపాధ్యాయుడు పిల్లలచేత మడులు వేయించెను. పిల్లలు కొన్నాళ్లకు విసిగి ఆటలకు పోయిరి. కలుపు పెరుగుట చూడలేక తల్లిదండ్రులు ఆ మడులలో దిగిరి. అట్లు పిల్లల మడులు కుటుంబముల తోటలైనవి. నాకు ఈ కథ మిక్కిలి నచ్చినది. పిల్లలు దారి తీసిరి, పెద్దలు వెంట నడచిరి.

అచట ఒక తోటలోని ముసలమ్మతో మా వానికి స్నేహము. ఆమెకు తెలుగు రాదు, నాకు జర్మను రాదు. నడుమ ఆరేండ్ల దుబాసి. ఆమె మొక్క చూపి పేరు చెప్పును, వాడు నాకు తెలుగున చెప్పును, తెలుగు పేరు తెలియనిచో "తాతా, దీన్ని మనమేమంటాము?" అని నన్నడుగును. ఆ నెలరోజులలో వానికి జర్మను పేర్లు ఎన్ని వచ్చినవో, తెలుగు పేర్లును అన్నియే వచ్చినవి. పిల్లల చప్పుడును గూర్చి ఆమె చెప్పిన యొక మాట. అచటివారు నిశ్శబ్దమునకు ప్రాణమిత్తురు. అట్లయ్యు, పిల్లల బడులనుండి, ఆటస్థలములనుండి వచ్చు పిల్లల చప్పుడును సాధారణముగ హానికరమైన శబ్దముగ ఎంచరాదని 2011లో తమ చట్టమును సవరించుకొనిరి. ఆ చట్టము చేసినవారికి దీర్ఘాయువు కలుగుగాక!

ఒక దినము రైలులో హాలే పురమునకు పోతిమి. లైప్‌జిగ్‌కు మిక్కిలి చేరువ. పోవుటకు కారణమును నేనే. బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతబోధకుడు 1719లో మన దేశమునకు వచ్చి, మద్రాసులో తెలుగు నేర్చి, 1728లో తెలుగునకు వ్యాకరణము వ్రాసెను. 1743లో తిరిగిపోయి హాలేలో స్థిరపడెను. 1746, 1747 సంవత్సరములలో హాలేలో తెలుగు పుస్తకములు అచ్చైనవి. అచ్చుయంత్రముపై వెలువడిన తొలి తెలుగు పుస్తకములుగ వీనిని పేర్కొందురు. ఫ్రాంకె అను ఉపాధ్యాయుడు 1698లో అనాథ బాలురకై కట్టింప మొదలిడిన మందిరములు, వానితోడి ప్రాచీన గ్రంథాలయము నేటికిని అచట నున్నవి. మన దేశపు తాటాకు ప్రతులు అచట భద్రముగ నున్నవి. ఆ మెట్లపై కూర్చుండి మనుమనికి ఈ సంగతి చెప్పితిని. వాడు చాలసేపు ఆలోచించి, "అంటే తెలుగు ఇక్కడికి నాకంటే ముందే వచ్చిందా?" అనెను. "వచ్చినది నాయనా, నీకంటె 270 యేండ్లు ముందు" అంటిని. ఆనాటినుండి వాడు బడిలో తెలుగు మాటలాడుటకు సిగ్గుపడలేదని అమ్మాయి చెప్పినది.

ఇంతవరకు లాభములు చెప్పితిని. నష్టపు పద్దును దాచుట లెక్కలవానికి తగదు. మనుమడు ఇచట నాలుగున్నరయేండ్లు పెరిగినవాడు. తెలుగు వాని ఎముకలలో నున్నది. మనుమరాలు అట్లు కాదు. ఆమె మాటలు నేర్చినదే అచట. మేము చెప్పినదెల్ల ఆమెకు అర్థమగును. బదులు మాత్రము జర్మనులో వచ్చును. అవ్వ ఆమెను ఒడిలో కూర్చుండబెట్టుకొని కథ చెప్పగా, పాప మధ్యలో ఏదో అడిగినది. అవ్వకు తెలియలేదు. అన్న ప్రక్కన లేడు. పాప రెండుమార్లు అడిగి, విసిగి, దిగి పోయినది. ఆ రాత్రి అవ్వ అన్నము తినలేదు. అవ్వకు మనుమరాలికి నడుమ దుబాసి కావలసి వచ్చినచో, ఆ యింట ఏదో ఎక్కువ ధరకు అమ్ముడుపోయినట్లే.

దానికి వారు చేసిన కట్టుబాటు ఇది. గడప లోపల తెలుగు, గడప బయట జర్మను. దండన లేదు, పరిహాసము లేదు. పాప జర్మనులో అడిగినచో తల్లి కోపగింపక, అదే మాటను తెలుగున తాను పలికి బదులు చెప్పును. ప్రతిదినము మనకు రాత్రి భోజనవేళ, వారికి సాయంకాలము, అవ్వ ఫోనులో ఒక కథ చెప్పును. మొదట పాప నిలుచుట లేదు. అవ్వ కథలో పాపనే పాత్రగ పెట్టి, మన యింటి ఆవుదూడను, పెరటి చింతచెట్టును తెచ్చిన తరువాత నిలుచుచున్నది. క్రిందటి ఉగాదికి "అవ్వా, దూడ పాలు తాగిందా?" అని పాప తెలుగున అడిగినది. ఒక్క వాక్యము. ఆమె తెలుగు నిలుచునో లేదో నేను జోస్యము చెప్పజాలను. నిలుపుటకు దినమున కొక కథ ఖర్చగునని మాత్రము చెప్పగలను.

మేము తిరిగి వచ్చుటకు ముందు ఆగస్టులో మనుమని బడి ప్రవేశము జరిగినది. ఆ సాక్సనీ ప్రాంతమున అది పెండ్లివంటి వేడుక. బంధువులందరు వత్తురు. బడిలో చేరు ప్రతి బిడ్డ చేతికి, ఇంచుమించు బిడ్డ యెత్తు గల అట్ట పొట్లమొకటి ఇత్తురు. దాని నిండ మిఠాయిలు, రంగు పెన్సిళ్లు. దానిని చక్కెర పొట్లమందురు. అట్టి పొట్లములు కాచు చెట్టొకటి కలదనియు, అవి పండినప్పుడే బడియీడు వచ్చుననియు పసివారికి కథ చెప్పుదురు. ఆ ముందటి దినము మేము ఇంట పళ్లెములో బియ్యము పోసి, వాని వ్రేలు పట్టి ఓంకారము వ్రాయించితిమి. పొరుగు పిల్లలకు పప్పుబెల్లములు పంచితిమి. నేను ఇచట ఒంటరిగ చేయింపదలచిన అక్షరాభ్యాసము అచట తల్లిదండ్రుల నడుమ, చెల్లెలి యెదుట, తోట ముసలమ్మ అక్షతలు వేయగా జరిగినది. నా లెక్క తప్పు అని ఆనాడు అమ్మాయితో నోటితో చెప్పితిని. ఆమె ఏమియు అనలేదు. ఇంకొక ఓళిగ నా విస్తరిలో వడ్డించినది.

కావున పెద్దలకు నా మనవి. మీ బిడ్డలు పసివారితో పరదేశమునకు పోవునప్పుడు భయపెట్టకుడు. అచట బిడ్డ మౌనముగ నున్నచో "పంపివేయుడు" అనకుడు. తల్లిని దినమునకొక గంట వీధిలో నడువుమని చెప్పుడు. ఏ వైపో బిడ్డ చెప్పును. బిడ్డ ఆ దేశభాష నేర్చుటకు అడ్డుపడకుడు. తెలుగు పోవునని భయమున్నచో ఫోనులో క్షేమసమాచారము తగ్గించి కథ పెంచుడు. ధర యెంత, జీతమెంత అని అడుగు తాతకంటె, దూడ సంగతి చెప్పు అవ్వ మాటనే బిడ్డ వినును.

గ్రంథాలయమునకు సైతము ఒక మనవి. లైప్‌జిగ్ నగర గ్రంథాలయమున మా వానికి వాని పేరిటనే ఒక కార్డు గలదు. వాడు దానిని మెడలో వ్రేలాడవేసికొని తిరుగును. నేను వచ్చుదినమున దానిని చూపి, "తాతా, మీ ఊరి లైబ్రరీలో నాకు కార్డుందా?" అని అడిగెను. వాని ముఖము చూచి "ఉన్నది" అంటిని. సభ్యులారా, నా చేతివ్రాతలో తప్పుడు పద్దు ఎన్నడును పడలేదు. నోటిమాటలో ఇది యొక్కటి పడినది. సెలవులకు ఈ ఊరికి వచ్చు ప్రతి బిడ్డకు, ఏ దేశమునుండి వచ్చినను, చందా లేకుండ తన పేరిట ఒక కార్డు ఈయవలెననియు, పెద్ద అక్షరముల తెలుగు కథల పుస్తకములకొక అర ప్రత్యేకింపవలెననియు ఈ రజతోత్సవ సభలో తీర్మానింప ప్రార్థించుచున్నాను. మొదటి కార్డుపై పేరు వ్రాయుటకు కలము నా జేబులోనే యున్నది. వచ్చు వేసవికి వారు వచ్చుచున్నారు.